విరాటుని కొలువులో భీముడి పళ్లు

విరాటుని కొలువులో కీచకుడు ద్రౌపదిని వెంటాడి, జుట్టు పట్టి, రాజు చూస్తుండగానే కాలితో తన్నాడు. ఆ కొలువులో ఆమె భర్తలు ఇద్దరున్నారు. ఒకరు కంకుభట్టు వేషంలో ధర్మరాజు, ఇంకొకరు వలలుడనే వంటవాడి వేషంలో భీముడు. అజ్ఞాతవాసం గడువు తీరడానికి ఇంకా కొన్నాళ్లే ఉంది. ఎవరన్నది బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి. నోరు విప్పడానికి లేదు, చెయ్యెత్తడానికి అంతకన్నా లేదు.

అప్పుడు ఆ ఇద్దరి ఒంట్లో ఏం జరిగిందో సంస్కృత భారతం చాలా దగ్గరగా చూసి చెబుతుంది. భీముడు పళ్లతో పళ్లు నూరాడు. ధర్మరాజు నుదుట కోపంతో చెమట పట్టింది. తమ్ముడు ఎక్కడ లేచి దూకుతాడోనని ఆయన తన బొటనవేలితో అతని బొటనవేలిని నొక్కిపట్టాడు. తిక్కన తెలుగులో భీముడి చూపు ఎదురుగా ఉన్న చెట్టు మీద పడుతుంది. పదిమందికీ నీడనిచ్చే చెట్టు అది, వంటచెరుకు కావాలంటే ఇంకెక్కడైనా చూసుకో అన్నట్టు మాట్లాడి ధర్మరాజు అతణ్ని ఆపుతాడు. రసికులు తలచి తలచి మురిసేది ఈ చెట్టు మాటనే. పళ్ల మాట ఎవరికీ పెద్దగా పట్టదు. ఈ సాయంత్రం సభ ముందు పెట్టదలచినది ఆ పళ్ల సంగతే.

ఎవరి పేరు మీద ఈ స్మారకోపన్యాసం జరుగుతోందో ఆయన వృత్తికి దంతవైద్యుడు, వ్యసనానికి భారత పాఠకుడు. కనుక విషయం కొంత చిత్రంగా తోచినా ఈ వేదికకు తగనిది కాదు. పళ్లు అరిగి వచ్చిన మనిషిని ఆయన ముందుగా నోరు తెరవమనేవారు కాదు. రెండు చేతుల వేళ్లూ చెవుల ముందు, చెంపల వెనకభాగాన ఆనించి, ఒకసారి పళ్లు గట్టిగా బిగించమనేవారు. వేళ్ల కింద ఉసిరికాయంత కండ ఉబికి వస్తుంది. అది మాసెటర్ అనే నమిలే కండరం. సభలో ఉన్నవారెవరైనా ఇప్పుడే తడిమి చూసుకోవచ్చు. తరువాత నాలుక చాపమనేవారు. దాని అంచుల వెంట పళ్ల అచ్చులు నొక్కులు నొక్కులుగా ఉన్నాయా, బుగ్గ లోపలివైపు పళ్లు కలిసే చోట తెల్లటి గీత పడిందా అని టార్చి వేసి వెతికేవారు. ఆ రెండూ కనిపిస్తే, ఈ మనిషి తనకు తెలియకుండానే రోజులో చాలాసేపు దవడ బిగించి ఉంటున్నాడేమోనని అనుమానించవచ్చు.

నిజానికి పంటికి పన్ను తగలాల్సిన పని రోజు మొత్తంలో చాలా తక్కువ. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తగిలే క్షణాలన్నీ కూడినా ఇరవై నిమిషాలు దాటవని దంతవైద్యుల లెక్క. మిగతా వేళల్లో పెదవులు మూసుకున్నా సరే, పైపళ్లకూ కిందిపళ్లకూ మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. ఆ ఎడం పోయినవాళ్లకు పొద్దున లేచేసరికి కణతలు నొప్పి. ఆవలిస్తే చెవి దగ్గర టిక్కుమని చప్పుడు. గట్టి జంతిక కొరికితే దవడ పట్టేస్తుంది. చెవిపోటనుకుని చెవి డాక్టరు చుట్టూ తిరిగి, చెవిలో ఏమీ లేదని తేలాక పళ్ల డాక్టరు గుమ్మం ఎక్కేవాళ్లు తక్కువేమీ కాదు.

దవడ నొప్పి అంటే అణచుకున్న కోపమే అనే మాట ఈమధ్య యోగా తరగతుల్లో తరచు వినిపిస్తోంది. అంత తేలిగ్గా తేల్చేయడం అన్యాయం. నిద్రలో పళ్లు కొరకడం వేరు, మెలకువలో బిగించడం వేరు అని 2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి నిర్వచనాలనే విడదీసింది. నిద్రలో కొరికేదానికి, నిద్ర మధ్య మెదడు క్షణకాలం మేలుకోవడానికి సంబంధం ఉంది. కొన్ని డిప్రెషన్ మందులు, సిగరెట్, మద్యం కూడా అందుకు కారణం కావచ్చు. మనసులోని ఒత్తిడితో ఎక్కువ ముడిపడి కనిపించేది మెలకువలో బిగించే దవడ. మన ఇళ్లలో వీటన్నిటికీ మించిన సిద్ధాంతం ఒకటుంది: పిల్లాడు రాత్రి పళ్లు కొరికితే కడుపులో నులిపురుగులు. మందు వేస్తే పురుగులు పోవచ్చు, కొరకడం పోతుందని మాత్రం వైద్యులు హామీ ఇవ్వరు.

కాబట్టి ప్రశ్నను మెలకువకే పరిమితం చేద్దాం. పట్టపగలు, ఎదురుగా మనిషిని పెట్టుకుని, మాట బయటికి రాకుండా పంటి బిగువున ఆపేవాడికి మన శాస్త్రాలు ఏం చెప్పాయి? కోపం పాపమని, అణచుకోమని చెప్పాయంతే కదా అని చాలామంది అనుకుంటారు. పుస్తకాలు తెరిస్తే సంగతి అంత సూటిగా లేదు.

చరక సంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయం ఈ విషయానికి మొదటి గుమ్మం. శరీరంలో పుట్టే పదమూడు వేగాలను ఆపకూడదంటుంది అది. మలమూత్రాలు, తుమ్ము, త్రేన్పు, ఆవలింత, ఆకలి, దప్పిక, నిద్ర, ఆయాసపు ఊపిరి ఇలా సాగే ఆ వరసలో కన్నీళ్లు కూడా ఉన్నాయి. తుమ్మును ఆపితే మెడ పట్టేస్తుందని, తల నొస్తుందని, మూతి వంకర పోవచ్చని చెబుతుంది. ఆ వెంటనే ఆపవలసిన వేగాల జాబితా ఇస్తుంది: లోభం, శోకం, భయం, క్రోధం, అహంకారం, ఈర్ష్య వగైరా. పరుషమైన మాట, చాడీ, అబద్ధం, వేళగాని వేళ మాట్లాడటం, ఇతరులను హింసించే చేత, వీటినీ ఆపమంటుంది. అంటే చరకుడు కోపాన్ని పట్టుకోమనడంతో ఆగలేదు, అది మాటగా, చేతగా మారే చోట కూడా తలుపు వేశాడు. శోకాన్ని పట్టుకోమన్నవాడే కన్నీటిని వదలమన్నాడు. ఈ తేడా చిన్నది కాదు. మన పెంపకం దీన్ని తలకిందులు చేసింది. మగపిల్లాడికి ఏడుపు నామోషీ అని నేర్పి, కోపం మాత్రం మగతనం కింద జమకట్టాం. ఆడపిల్లకు ఏడవడానికి అనుమతి ఇచ్చి, నోరు మెదపకపోవడాన్ని సుగుణమన్నాం. దవడ కీలు బాధలు మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువగా కనిపిస్తాయి. దానికి ఒంట్లోని కారణాలు చాలా ఉన్నాయి, అన్నిటినీ అత్తగారి ఖాతాలో వేయడం కుదరదు. అయినా ఆ ఖాతా పూర్తిగా ఖాళీ అనుకోవడం కూడా కుదరదు.

వాతం చెడటానికి చరకుడు మరోచోట చెప్పిన కారణాల్లో కోపమూ ఉంది, వేగాలను ఆపడమూ ఉంది. దవడ పట్టేసే హనుగ్రహం వాతరోగాల్లోనే చేరింది. వాయువు పేరు వచ్చింది కనుక వాయుపుత్రుడి దగ్గరికి వెళ్లక తప్పదు.

పసితనంలో హనుమంతుడు సూర్యుడి మీదికి ఎగిరితే ఇంద్రుడు కోపంతో వజ్రాయుధం విసిరాడు. ఎడమ దవడ విరిగిందని కిష్కింధాకాండలో జాంబవంతుడు గుర్తు చేస్తాడు. అందరికీ తెలిసిన కథే. అయితే ఇందులో రెండో కోపం ఒకటుంది, దాని మీద అంతగా దృష్టి పడదు. కొడుకును కొట్టారని వాయుదేవుడు ఎవరినీ తిట్టలేదు, ఎవరి మీదికీ వెళ్లలేదు. వీచడం మానేశాడు. ఉత్తరకాండ దీన్ని ఇంకా వివరంగా చెబుతుంది: ప్రాణులకు ఊపిరి ఆడలేదు, కీళ్లు బిగిశాయి, ఒళ్లు కట్టెల్లా అయిపోయాయి, మలమూత్రాలు స్తంభించాయి. చరకుడు ఆపకూడదన్నవాటిలో కొన్ని ఒక్క దేవుడి అలకతో ఆగిపోయాయి. ఇంట్లో ఒకరు మాట మానేస్తే మిగతావాళ్ల మెడలు ఎలా బిగుసుకుంటాయో చూసినవారికి ఈ ఘట్టం పురాణంలా అనిపించదు. చివరికి బ్రహ్మ వచ్చి పిల్లాణ్ని తాకి లేపితేనే గాలి కదిలింది. కోపానికి కారణమైన దెబ్బను ముందు సరిచేశారు. శాంతించమని వాయువుకు ఉపన్యాసం ఇవ్వలేదు.

ఆ హనుమంతుడే పెద్దయ్యాక లంకను తగలబెట్టాడు. తోక చల్లార్చుకున్నాక ఒక్కసారిగా గుండె జారింది. ఈ మంటల్లో సీతమ్మ ఉందే, ఆమెను కూడా కాల్చేశానా? సుందరకాండ యాభై అయిదో సర్గ అంతా ఆ దుఃఖమే. రేగిన కోపాన్ని నీళ్లతో నిప్పు ఆర్పినట్టు ఆర్పుకోగలవారు ధన్యులని, పాము కుబుసం విడిచినట్టు ఓర్పుతో దాన్ని విడిచేవాడే మనిషని అతడు తనకు తాను చెప్పుకుంటాడు. మన ఇళ్లలో పారాయణలో, ఎం.ఎస్.రామారావు గొంతులో సుందరకాండ ఎన్నిసార్లు విన్నా, ఈ సర్గ దగ్గర ఒకటి గమనించాలి. కుబుసం విడవడమంటే మింగడం కాదు. వాల్మీకి ఎంచుకున్న పోలికలో కోపం ఒంటి లోపలికి వెళ్లదు, ఒంటి మీద నుంచి ఊడి పడుతుంది. ఇక హనుమంతుడు చేసిన పని ఇంకా ముఖ్యం. పశ్చాత్తాపపడి అక్కడే కూలబడలేదు. ఆమె క్షేమమని చారణుల మాట విన్నాక కూడా, స్వయంగా చూసి వస్తానని మళ్లీ సీత దగ్గరికి వెళ్లాడు.

మరి ఇదే హనుమంతుడికి రాముడు పళ్లు బిగించమని కూడా చెప్పాడు. ముక్తికోపనిషత్తు రామాంజనేయ సంవాదం. నూట ఎనిమిది ఉపనిషత్తుల పట్టిక ఉన్నది అందులోనే. రెండో అధ్యాయంలో, చేతిని చేత్తో నొక్కి, పళ్లను పళ్లతో నూరి, అంగాలను అంగాలతో అదిమి ముందుగా మనసును గెలవాలని ఉపదేశం. ఒకసారి దవడ విరిగినవాడికి ఈ సలహా ఇవ్వడం హాస్యంగా తోచవచ్చు. కానీ అక్కడ ముందుగా అన్నమాట బరువైనది. తరువాతి మాటల్లో వాసనాక్షయం వస్తుంది, ప్రాణాయామం వస్తుంది, బలవంతపు నిగ్రహం కంటే యుక్తి మేలన్న ధోరణి వస్తుంది. పళ్లు నూరడం ప్రవేశద్వారమే గాని నివాసం కాదు. గీతలోనూ ఇదే పేచీ కనిపిస్తుంది. కామక్రోధాల వేగాన్ని తట్టుకోగలవాడే సుఖి అని అయిదో అధ్యాయం అంటుంది. కర్మేంద్రియాలను బిగబట్టి మనసులో విషయాలనే నెమరేసుకునేవాడు మిథ్యాచారుడని మూడో అధ్యాయం ముందే అనేసింది. తట్టుకోవడానికి, నటించడానికి మధ్య గీత ఎక్కడుందో బయటి నుంచి చూసేవాడికి కనిపించదు. రెంటిలోనూ దవడ ఒకేలా ఉంటుంది.

స్త్రీపర్వంలో గాంధారి ఆ గీత మీద నిలబడింది. నూరుగురు కొడుకులు పోయిన తల్లి. శపించవద్దని వ్యాసుడు ముందే వచ్చి నచ్చజెప్పాడు, సరేనంది. ధర్మరాజు కాళ్ల మీద పడబోతుంటే కళ్లగంత కట్టు సందులోంచి అతని వేలికొసలు ఆమె చూపులో పడ్డాయి. గోళ్లు కమిలిపోయాయి. మాటను ఆపింది, చేతను ఆపింది, అయినా ఎంతో కొంత బయటికి వచ్చింది. కవి ఆమెను తప్పుపట్టలేదు. ఆ తరువాత ఆమే కుంతిని, ద్రౌపదిని ఓదార్చింది.

తెలుగు నేల మీద కోపానికి దేవుడున్నాడంటే నరసింహస్వామే. అహోబిలంలో ఆయనకు తొమ్మిది రూపాలు. ఒక చోట జ్వాల, ఒక చోట యోగానందం, ఇంకో చోట లక్ష్మీసమేతుడైన మాలోలుడు. సింహాచలంలో ఏడాది పొడుగునా చందనం పూసి ఉంచుతారు, వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపం. మంగళగిరి కొండ మీద పానకాల స్వామికయితే విగ్రహమంటూ లేదు, తెరిచిన నోరే దేవుడు. అర్చకులు శంఖంతో ఆ నోట్లో పానకం పోస్తారు. గుటకలు వేసిన చప్పుడు వినిపించి, సగమయ్యాక ఆగిపోతుందని, మిగిలిన సగం ప్రసాదమని భక్తుల విశ్వాసం. ఈ మూడు క్షేత్రాల్లోనూ స్వామికి చేసే సేవ చల్లబరచడం, తీపి చేయడం, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టడం. నోరు మూసుకోమని ఎవరూ అనలేదు. భాగవతంలో హిరణ్యకశిపుణ్ని చీల్చిన తరువాత బ్రహ్మాది దేవతలు దూరాన నిలబడ్డారు, లక్ష్మీదేవే దగ్గరికి పోలేకపోయింది. ప్రహ్లాదుణ్ని పంపారు. పిల్లాడు వెళ్లి కాళ్ల దగ్గర పడితే ఆ చెయ్యి వాడి తల మీదికి వచ్చింది.

సింహం పేరుతో ఒక ఆసనం కూడా ఉంది. పదిహేనో శతాబ్దపు స్వాత్మారాముడి హఠయోగ ప్రదీపికలో సింహాసనం ఇలా ఉంటుంది: మోకాళ్ల మీద అరచేతులు, వేళ్లు చాపి, నోరు బాగా తెరిచి, చూపు ముక్కు కొన మీద. ఇప్పటి తరగతుల్లో నాలుక బయటికి చాచి గర్జిస్తున్నారు, కోపం పోతుందంటున్నారు. మూలంలో గర్జన లేదు, కోపం ప్రస్తావనా లేదు. మూడు బంధాలు కుదరడానికి తోడ్పడుతుందని మాత్రం ఉంది. అలాగని గర్జన వద్దనడానికి కారణమేమీ కనబడదు, బిగుసుకున్న చెంపకు నోరు తెరవడం హాయిగానే ఉండవచ్చు. దవడ ఇరుక్కుపోయే అలవాటున్నవాళ్లు మాత్రం బలవంతాన తెరిచి ప్రయోగాలు చేయరాదు. వాళ్లు వెళ్లవలసింది పళ్ల డాక్టరు దగ్గరికి. రాత్రిపూట పళ్లకు తొడిగే నైట్ గార్డ్ పళ్లు అరగకుండా కాపాడుతుంది. బిగించే అలవాటు మాన్పించే శక్తి దానికి లేదు.

మళ్లీ విరాటుని కొలువుకు. అక్కడ భీముడు పళ్లు నూరి ఊరుకోవడం సరైనదేనా? సరైనదే. ఆ క్షణాన ఆ బిగింపు లేకపోతే పదమూడేళ్ల పడిగాపులు బూడిదలో పోసిన పన్నీరే. కానీ ఆ సభలో మౌనంగా ఉండనిది ఒక్క ద్రౌపది. నడికొలువులో నిలబడి విరాటుణ్నే నిలదీసింది. వేళాపాళా తెలియకుండా నటిలా ఏడుస్తున్నావని ధర్మరాజు చేత అనిపించుకుంది కూడా. ఆ రాత్రి ఆమె వంటశాలకు వెళ్లి, నిద్రపోతున్న భీముణ్ని లేపి, జరిగినదంతా మొదటినుంచీ చెప్పింది. చందనం నూరి నూరి కాయలు కాచిన చేతులు చూపించింది. భీముడు ఆ చేతులు మొహానికి ఆనించుకుని ఏడ్చాడు. కొలువులో పళ్లు నూరినవాడు వంటింట్లో కన్నీరు పెట్టుకున్నాడు. చరకుడి రెండు జాబితాలూ ఒక్క రోజులో ఒక్క మనిషి మీద సరిపోయాయి. కీచకుడి సంగతి ఆ తరువాత నర్తనశాలలో తేలింది.

భీముడి అసలు బాధ ఆ ఒక్క సాయంత్రానిది కాదు, జూదపు సభ నాటిది. అది పోయేదారి లేక పదమూడేళ్లు ఉండిపోయింది. ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారానికి బయలుదేరే ముందు భీముడు ఎన్నడూ లేనిది మెత్తగా మాట్లాడాడు, దుర్యోధనుడితో నయంగా చెప్పమన్నాడు. కృష్ణ రాయబారమంటే మనకు పద్యనాటకాల పందిరే కళ్లముందు కదులుతుంది గాని, ఈ సంభాషణ చదివి తీరవలసింది. నువ్వు రాత్రిళ్లు నిద్రపోవు, బోర్లా పడుకుని మేలుకునే ఉంటావు అంటాడు కృష్ణుడు. ఒంటరిగా పోయి, బరువు మోయలేనివాడిలా వేడి నిట్టూర్పులు విడుస్తావు. కారణం తెలియనివాళ్లు నీకు పిచ్చి అనుకుంటారు. ఉన్నట్టుండి నవ్వుతావు, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చుంటావు, పదేపదే బొమలు ముడిచి ఎటో ఉరిమి చూస్తావు. ఇదంతా కోపం చేస్తున్న పని. అలాంటి నువ్వు ఇవాళ సంధి మాట్లాడుతున్నావేమిటి? భయమా?

భీముడికి రోషం వచ్చింది. తన బలమేమిటో, తన చేతులేమిటో గడగడా చెప్పేశాడు. అంతా విన్నాక కృష్ణుడు, నీ మనసు తెలుసుకోవాలని ప్రేమతో అన్నాను అన్నాడు. ఆక్షేపించడానికి కాదు, పాండిత్యం చూపడానికి కాదు, కోపంతో కాదు, ఏదో ఒకటి అనాలని కాదు అన్నాడు. కోపం తప్పని భీముడికి చెప్పలేదు, యుద్ధం జరిగితే భారం నీదీ అర్జునుడిదీనని మాత్రం చెప్పాడు. ఆ తరువాత అర్జునుడు మాట్లాడాడు, నకులుడు, సహదేవుడు మాట్లాడారు. చివరికి ద్రౌపది, దుశ్శాసనుడు పట్టి ఈడ్చిన జుట్టును చేత్తో పట్టుకుని కృష్ణుడి ముందుకు వచ్చింది.